మీమూన్ ఒట్టి కేక వెయ్యడు

తిజ్గీ ఊరు మొత్తానికి పెద్ద గొంతు మీమూన్‌ది. ఆ గొంతు ఆయన ఇంట్లో మాత్రం ఎవరూ విన్న పాపాన పోలేదు. ఉప్పు కావాలన్నా భార్య చెవి దగ్గరికొచ్చి, దొంగసొత్తు ఎక్కడ దాచాడో చెబుతున్నవాడిలా అడుగుతాడు. చల్లనీళ్ళు ముట్టడు. దుమ్ము లేస్తే తలపాగా కొస ముక్కుకి అడ్డం పెట్టుకుంటాడు. రోజూ పొద్దున్నే ఆలివ్ నూనెలో నానిన అంజూరపు పండు ఒకటి కళ్ళు మూసుకుని నములుతాడు. ఇంట్లో అరుపులన్నీ ఆయన భార్య తూదవే.

"ఆయన గొంతు ఎనిమిది ఊళ్ళకి, నా గొంతు ఆయనొక్కడికి. ఎవరికి ఎక్కువ కష్టమో మీరే చెప్పండి," అంటుంది ఆవిడ, కాలువ దగ్గర బట్టలు ఉతుకుతూ.

ఊరి పైన ఒక బండ ఉంది. మీమూన్ తాతా, తండ్రీ దాని మీద నిలబడే కేకలు వేశారు. వాళ్ళ తరవాత మీమూన్, ఈ కథ జరిగేనాటికి నలభై ఒక్క ఏళ్ళుగా. ఆ రోజుల్లో మా లోయలో టెలిఫోన్ అన్నది లేదు. కరెంటు స్తంభాలు తిజ్గీ దాకా వచ్చి, పైకి ఎక్కలేక ఆగిపోయాయి. పెళ్ళయినా చావయినా, కాలువ పూడిక తియ్యాలన్నా, పశువుల డాక్టరు వచ్చాడన్నా, మీమూన్ బండెక్కి రెండు చెవులూ అరచేతులతో మూసుకుని కేక వెయ్యాల్సిందే. వేసి దిగిపోతే కుదరదు. ఎనిమిది ఊళ్ళూ ఒకదాని తరవాత ఒకటి "విన్నాం" అని బదులు చెప్పాలి. ఏదైనా ఊరు అనుమానం అడిగితే తీర్చాలి. బదులు వస్తుండగా బండ దిగి వెళ్ళిపోవడమంటే మనిషి ఎదురుగా మాట్లాడుతుంటే లేచి తలుపు వేసుకోవడమే. మర్యాదస్తుడెవడూ ఆ పని చెయ్యడు.

వీటన్నిటికీ మించిన కేక ఒకటి ఉంది: "కొండ మనిషిని పట్టుకుంది, తాళ్ళతో రండి." అది చెవిన పడితే పిండి పిసికే చెయ్యి ఆగిపోవాలి. నమాజు మధ్యలో ఉన్నవాడు ముగించుకుని పరిగెత్తాలి. మగవాళ్ళు తాళ్ళు, రొట్టెలు, వెన్న పట్టుకుని బయలుదేరతారు. శవాన్ని మోసే చట్రం కూడా వెంట తెస్తారు. దాన్ని తెచ్చినందుకు ఎవరూ నొచ్చుకోరు, అవసరం లేక వెనక్కి మోసుకెళ్ళినవాళ్ళు మాత్రం సంతోషంగా తిట్టుకుంటారు. నలభై ఒక్క ఏళ్ళలో మీమూన్ ఆ కేక తొమ్మిదిసార్లు వేశాడు. ఒక్కసారీ అది ఒట్టిది కాలేదు. ఈ ముక్క ఆయనే అందరికీ చెప్పుకుంటాడు, అడిగినా అడక్కపోయినా.

ఆ తొమ్మిదింటిలో ఒకటి కాసాబ్లాంకా కుర్రవాళ్ళు ఇద్దరు మంచులో చిక్కుకున్నప్పటిది. అయిదు ఊళ్ళ జనం రెండు పగళ్ళు వెతికి వాళ్ళని బతికుండగా దించారు. ఆ కుర్రవాళ్ళలో ఒకడు ఊరికి పోయి అదే పనిగా ఈ కథ చెప్పుకున్నాడేమో, ఆరేళ్ళ తరవాత ఒక వసంతంలో నాలుగు వ్యాన్లు దుమ్ము రేపుకుంటూ తిజ్గీకి వచ్చాయి. రంజాన్ నెలలో టీవీలో వెయ్యడానికి ఆ కథనే నాటకంగా తీస్తారట. డైరెక్టర్ పేరు నౌఫల్. కాసాబ్లాంకా మనిషి, సన్నగా, ఎప్పుడూ ఎవరో తన చెప్పులు ఎత్తుకుపోయినట్టు చుట్టూ చూస్తుండేవాడు.

నాటకంలో ఊరివాళ్ళకి పెద్ద పనేం లేదు. సెలవుల్లో కొండకి వచ్చిన ఒక డాక్టరు అందరినీ కాపాడతాడు. ఇది విన్నప్పుడు ఊళ్ళో ఎవరికీ కోపం రాలేదు. డాక్టరు నిజంగా వస్తే బావుండునని ముసలమ్మలు అనుకున్నారు, అంతే. మీమూన్‌కి మాత్రం ఒక సీను ఉంది. బండ మీద నిలబడి కేక వెయ్యాలి. ఆయన ముఖమే చూపిస్తారట, దేశమంతటికీ.

ఆ మాట తెలిసిన దగ్గర్నుంచీ మీమూన్ కాళ్ళు నేల మీద లేవు. గడ్డం మూడుసార్లు కత్తిరించుకున్నాడు. బావమరిది దగ్గర తెల్ల జెల్లాబా, మడమల దాకా వచ్చే పండగ అంగీ, అరువు తెచ్చుకున్నాడు. అంజూరపు పళ్ళు ఒకటి కాస్తా మూడయ్యాయి.

"పళ్ళన్నీ తినేస్తున్నావు, రేపు కేక బదులు ఇంకోటి వస్తుంది," అంది తూద.

"నీకు అసూయ," అని ఆయన ఆమె చెవిలో చెప్పాడు.

"అవును మరి. ఇన్నేళ్ళు కాపురం చేసినా నాకు చూపించని నోరు టీవీకి చూపిస్తున్నావు."

షూటింగ్ మొదలైంది. మంచు కరిగి నెల దాటింది కాబట్టి సినిమావాళ్ళు వాలు మీద బస్తాల కొద్దీ ఉప్పు పోసి మంచు చేశారు. ఆ సంగతి మనుషులకంటే ముందు మేకలకి తెలిసింది. డాక్టరు వేషగాడు మంచులో స్పృహ తప్పి పడి ఉన్న సీను తీస్తుంటే ముప్ఫై మేకలు వచ్చి ఆయన చుట్టూ ఉన్న మంచు నాకేశాయి. గడ్డం దగ్గర కాస్త మిగిలితే అదీ నాకాయి. ఆయన స్పృహ రావలసిన దానికంటే ముందే వచ్చింది. ఈ కథ మా పిల్లలు ఇప్పటికీ అభినయించి చూపిస్తారు.

మూడో రోజు మధ్యాహ్నం మీమూన్‌ని బండెక్కించారు.

"పెద్దాయనా, ఆ రోజు వేసిన కేకే మళ్ళీ వెయ్యండి. అచ్చం అలాగే," అన్నాడు నౌఫల్.

"ఏ కేక?"

"కొండ మనిషిని పట్టుకుంది, అన్నారట కదా. అది."

మీమూన్ లోయలోకి చూశాడు, వెనక్కి తిరిగి వాలు మీదికి చూశాడు. "ఎవర్ని పట్టుకుంది బాబూ?"

"డాక్టర్ని."

"డాక్టరు అదుగో, గొడుగు కింద టీ తాగుతున్నాడు."

"కథలో పట్టుకుందండీ."

"కథలో ఏ ఊళ్ళున్నాయి?"

"ఇవే. ఈ ఎనిమిదీ."

"మరి ఆ కథ ఈ ఎనిమిది ఊళ్ళకీ తెలుసా?"

నౌఫల్‌కి అప్పుడు విషయం బోధపడింది. పడగానే ఆయన కళ్ళు మెరిశాయి. "అంటే మీరు పిలిస్తే వాళ్ళు నిజంగానే వచ్చేస్తారా? తాళ్ళు పట్టుకుని, పరిగెత్తుకుంటూ?"

"రాకేం చేస్తారు."

"రానివ్వండి. అంతకంటే కావలసిందేముంది. నిజం జనం, నిజం కంగారు. తీసుకుంటాం."

మీమూన్ చేతులు చెవుల మీంచి దించేశాడు. "బాబూ, నేను ఒట్టి కేక వెయ్యను. మా నాయన చేతిలో చెయ్యేసి చెప్పాను."

అరగంట బతిమాలాటలు నడిచాయి. చివరికి నౌఫలే ఒక దారి చెప్పాడు. కాసాబ్లాంకాలో ఎవరికీ ఈ కొండ భాష రాదు. మీమూన్ ఏది అరిచినా సరే, కింద అక్షరాల్లో అర్థం వాళ్ళు వేసుకుంటారు. కావలసింది గొంతు, ముఖం. అంతే.

మీమూన్ ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఏది అరిచినా నిజమే అయి ఉండాలి కదా. కాసేపు ఆలోచించాడు. విధవరాలు ఇజ్జా మేక మూడు రోజులుగా కనపడటం లేదు, ఎలాగూ సాయంత్రం చెప్పాల్సిందే. సరే, చెవులు మూసుకుని, గుండెనిండా గాలి తీసుకుని అందుకున్నాడు.

"ఎనిమిది ఊళ్ళ జనమా... ఇజ్జా మేక పోయింది... గోధుమరంగుది... ఎడమ చెవి చిరిగింది..."

ఆ గొంతు లోయలోకి దిగి అవతలి కొండకి తగిలి తిరిగి వచ్చింది. కెమెరా పట్టుకున్నవాడి చేతిమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నౌఫల్ కళ్ళు తుడుచుకున్నాడు. అంత దుఃఖం తన జన్మలో వినలేదన్నాడు.

అంతలో అవతలి కొండమీది అఫ్రా ఊరి నుంచి బదులు వచ్చింది. "విన్నాం... కొమ్ములున్నాయా..."

"ఆపండి, చాలు, బాగా వచ్చింది," అన్నాడు నౌఫల్.

మీమూన్ ఆగలేదు. ఊరు అడిగింది, ఆయన చెప్పాలి. "ఒకటే... కుడిది విరిగింది..."

"ఈతకొచ్చిందా..."

"ఈసారి కాదు, వచ్చేసారి..."

ఇలా ఎనిమిది ఊళ్ళతోనూ అయ్యేసరికి నీడలు పొడుగయ్యాయి. రెండోసారి తీద్దామని నౌఫల్ సిద్ధమవుతుండగా కింది నుంచి ముగ్గురు మనుషులు మూడు మేకలతో ఎక్కి వచ్చి నేరుగా కెమెరా ముందు నిలబడ్డారు. మూడూ గోధుమరంగువే. ఇజ్జాని పిలిపించారు. ఆవిడ మూడింటినీ తిప్పి తిప్పి చూసి, నాది ఏదీ కాదు గానీ మధ్యది నచ్చింది అంది.

రెండోసారి మీమూన్ కాలువ పూడిక సంగతి అందుకున్నాడు. గురువారం ఇంటికొక మనిషి పార పట్టుకుని రావాలని. దానికి అఫ్రా వాళ్ళు, క్రితంసారి తిజ్గీ నుంచి ఎంతమంది వచ్చారో ముందు చెప్పమన్నారు. అది ముదిరి పాత తగువుల్లోకి వెళ్ళింది. ఎవరి తాత ఎవరి గట్టు తెంచాడన్న దాకా పోయింది. సూర్యుడు కొండవెనక్కి జారిపోయాడు.

నౌఫల్ ఆ రెండు ముక్కలూ చిన్న తెరమీద వేసుకుని చూశాడు. చూసి తల అడ్డంగా ఊపాడు.

"గొంతులో ఏడుపుంది పెద్దాయనా. కానీ ముఖంలో మేకే కనిపిస్తోంది. ఇది కాదు. నాకు ఆ కేకే కావాలి."

అప్పుడు బిహి ముందుకొచ్చాడు. బిహి మీమూన్ చిన్నాన్న కొడుకు. గొంతు వాళ్ళ వంశంలోదే, నిదానం మాత్రం పక్కింట్లో మరిచిపోయి పుట్టాడు. ఆ బండ తనకి దక్కలేదన్న ఏడుపు పదేళ్ళుగా ఉంది. "అన్నకి వయసైపోయింది సార్. నేను వేస్తాను. నేను వేసినా అన్న వేసినా కిందివాళ్ళకి తేడా తెలీదు," అన్నాడు.

నౌఫల్ ఆలోచించలేదు. "రేపు పొద్దున తొమ్మిదింటికి," అన్నాడు.

మీమూన్ ఇంటికొచ్చి గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. తూద బార్లీ గంజి తెచ్చి పెట్టింది. ముట్టలేదు.

"టీవీలో కనపడవని ఏడుస్తున్నావా?" అంది.

"టీవీ పోతే పోయిందే," అన్నాడు, ఎప్పటిలాగే గుసగుసగా. "రేపు బిహి కేక వేస్తాడు. జనం పరిగెత్తుకొస్తారు. వచ్చి, ఇది ఆట అని తెలిసి నవ్వుకుని పోతారు. తరవాత చలికాలంలో నిజంగా ఎవడో పడతాడు. నేను పిలుస్తాను. అప్పుడొకడు, సినిమావాళ్ళు మళ్ళీ వచ్చారేమో అంటాడు. ఒక్కడంటే చాలు తూదా. మిగతావాళ్ళు చెప్పులు వేసుకునేముందు ఆలోచిస్తారు."

తూద ఈసారి ఎగతాళి చెయ్యలేదు. గిన్నెలు చప్పుడు చేస్తూ సర్ది, "అయితే రేపు పొద్దున్నే నిజంగా ఎవడన్నా పడితే సరి, బిహి కేకే నిజం కేక అవుతుంది," అని విసుగ్గా అని లోపలికి పోయింది.

ఆవిడ విసుగ్గా అన్న మాటలు ఆయన శ్రద్ధగా వినడం కాపురంలో అదే మొదటిసారి అనుకుంటాను.

తెల్లవారగానే, ఊరింకా టీ కాచుకుంటుండగా, అరవై నాలుగేళ్ళ మీమూన్ అరువు జెల్లాబా వేసుకుని బండ దగ్గరికి వెళ్ళాడు. బండ కింద, రెండు నిలువుల లోతున, గోడకి కొట్టిన అలమారలాంటి ఒక అర ఉంది. మేకలు గడ్డికి ఆశపడి అందులోకి దూకి ఇక ఎక్కలేక అరుస్తుంటాయి. దాని కింద ఏమీ లేదు, చాలా దూరం ఏమీ లేదు. మీమూన్ బిస్మిల్లా అనుకుని జారాడు.

నెమ్మదిగా జారి, దర్జాగా కూర్చుని కేక వేద్దామన్నది ఆయన ఆలోచన. సగంలో పట్టు తప్పింది. జెల్లాబా ముళ్ళపొదకి చిక్కి మెడ దాకా లేచింది. ఒక చెప్పు కిందికి పోయింది, అది నేల తాకిన చప్పుడు ఆయనకి వినబడనే లేదు. అరలో పడ్డాక మోకాలు వంగనంది. పైకి చూస్తే రాయి, కిందికి చూస్తే గాలి. అప్పుడు మీమూన్‌కి నిజంగా భయం వేసింది. ఇంత పని ఎందుకు చేశానురా దేవుడా అని కూడా అనిపించింది. కానీ కేకకి కావలసిన నిజం దొరికింది. దొరకవలసిన దానికంటే కాస్త ఎక్కువే దొరికింది.

"ఎనిమిది ఊళ్ళ జనమా... కొండ మనిషిని పట్టుకుంది... తాళ్ళతో రండి..."

మూడుసార్లు వేశాడు. అఫ్రా వెంటనే పలికింది. "విన్నాం... ఎవర్ని..."

"నన్నే..."

అఫ్రాకి నమ్మకం కుదరలేదు.

"నిన్నా..."

"నన్నే... బండ కింద అరలో..."

"అందులో మేకలు కదా పడేది..."

"అవును... త్వరగా రండి..."

గంటలో కొండ నిండా జనం. తాళ్ళొచ్చాయి, రొట్టెలొచ్చాయి, శవాన్ని మోసే చట్రం కూడా వచ్చింది. అందరికంటే ముందొచ్చింది తూద. బండ అంచున బోర్లా పడుకుని, కిందికి చూస్తూ, ఆయన్నీ ఆయన గడ్డాన్నీ ఆయన్ని కన్నవాళ్ళనీ కలిపి తిట్టింది. తిడుతూ ఏడ్చింది. నౌఫల్ నిద్రబట్టల్లోనే కెమెరా వెంట పరిగెత్తుకొచ్చాడు. దూరపు ఊళ్ళ కోసం మీమూన్ మళ్ళీ మూడుసార్లు వేసిన కేక అందులో పడింది, ఇక బిహి కేకతో పని లేకపోయింది. పంటిమీద పేస్టు అలాగే ఉంది. డాక్టరు వేషగాడు తాడు పట్టుకుంటానని ముందుకొస్తే అఫ్రా వాళ్ళు మర్యాదగా అందరి వెనక, తాడు కొసన నిలబెట్టారు. అక్కడ తాడుకి పెద్దగా పని ఉండదు. ముందు నిలబడి లాగినవాడు బిహి. అరచేతులు ఒరుసుకుపోయినా వదల్లేదు.

"మూడు పళ్ళు తింటే ఇంతే అన్నా. కాస్త తేలిగ్గా ఉండాల్సింది," అన్నాడు, అన్న తల అంచు మీదికి వచ్చాక. తరవాత ఆయన్ని గట్టిగా పట్టుకుని వదల్లేదు కూడా.

ఆ శుక్రవారం నమాజయ్యాక పెద్దల జమాత్ కూర్చుంది. ఒట్టి కేక వేసినవాడు వచ్చినవాళ్ళందరికీ ఒక పూట భోజనం పెట్టాలి, మళ్ళీ ఆ బండెక్కకూడదు. ఇది ఎప్పటిదో కట్టడి. మీమూన్ కావాలనే దూకాడని బిహి వాదించాడు. అన్న ప్రాణం దక్కాక బండ మీద ఆశ మళ్ళీ మొలిచింది పాపం.

జమాత్ పెద్ద అడిగాడు, "ఇరుక్కున్నావా?"

"ఇరుక్కున్నాను."

"నీ అంతట నువ్వు పైకి రాగలిగేవాడివా?"

"రాలేను."

"కేకలో చెప్పినదానికీ జరిగినదానికీ ఎక్కడన్నా తేడా ఉందా?"

ఎవరూ తేడా చెప్పలేకపోయారు. పెద్దలు తలలు దగ్గరికి చేర్చి మాట్లాడుకున్నారు. కేక నిజమైనదే. మనిషి బుద్ధితక్కువవాడు, దానికి కట్టడి లేదు. ఉంటే ఈ ఊళ్ళో రోజూ విందే అవుతుంది, మేకలు మిగలవు. బండ మీమూన్‌దే.

ఆ తీర్పు తరవాత మీమూన్‌ని పట్టడం ఎవరివల్లా కాలేదు. పదో కేక కూడా నిజమే అయిందని సంతలో గాడిదలకి కూడా చెప్పుకున్నాడు.

అయిదు నెలలకి రంజాన్ వచ్చింది. నాటకం పడే రోజు ఊరంతా ముఖద్దం ఇంటికి చేరింది. ముఖద్దం అంటే సర్కారు తరఫు మనిషి, ఊళ్ళో మొదటి టీవీ ఆయనదే. జనం ఇంట్లో పట్టకపోతే ఆయన టీవీని కిటికీలో పెట్టాడు. వెనకున్నవాళ్ళకి వినబడటం లేదని బిహి గొడవ చేస్తే, టీకాల వాళ్ళు వచ్చినప్పుడు చాటింపు వేసే మైకు తెచ్చి టీవీ నోటి దగ్గర పెట్టి, దాని గొట్టం మిద్దె మీద నిలబెట్టించాడు. అజాన్ వినబడింది. ఖర్జూరాలు తిని, హరీరా చారు గిన్నెలు పట్టుకుని అందరూ తెర వైపు తిరిగారు.

మేకలు నాకిన సీనుకి అందరూ విరగబడి నవ్వారు, అందులో మేకలు లేకపోయినా. తరవాత బండ వచ్చింది. బండ మీద మీమూన్ వచ్చాడు, ఒక ఖర్జూరం నమిలేంతసేపు. ఆ తరవాత తాడు పట్టుకుని ఒంటరిగా లాగుతున్న డాక్టరు. చుట్టూ వందమంది ఉండగా వాడొక్కడే ఎలా కనబడ్డాడో కెమెరావాడికే తెలియాలి. కానీ కేక మాత్రం మీమూన్‌దే. మూడుసార్లూ పూర్తిగా ఉంచారు. గొట్టంలోంచి బయలుదేరి, ఉపవాసం విడిచి నిశ్శబ్దంగా ఉన్న లోయంతా నిండింది. ముంగిట్లో జనం చప్పట్లు కొట్టారు. తూద చీకట్లో ఎవరూ చూడకుండా కొంగుతో ముఖం తుడుచుకుంది.

నాటకం అయిపోయి, గిన్నెలు మళ్ళీ నింపుతుండగా, పైదారిన ఎవరో కర్ర టకటకలాడించుకుంటూ దిగి వచ్చారు. తమ్దా ఊరి జాయిద్. తమ్దా అన్నిటికంటే పైనున్న ఊరు, అక్కడికి ఇంకా కరెంటు లేదు. జాయిద్‌కి చిన్నప్పుడే ఒక కాలు పోయింది. కొండ కేక వచ్చినప్పుడు అతను రానక్కర్లేదని అందరూ ఎప్పుడో ఒప్పుకున్నారు, అతనూ ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు ముంగిట్లో నిలబడి ఎగశ్వాసతో అందరి ముఖాలూ చూస్తున్నాడు. భుజాన గాడిదని కట్టే తాడు ఉంది.

"ఎవరు పడ్డారు?" అన్నాడు.

మీమూన్ లేచి నిలబడ్డాడు.

"ఎవరూ పడలేదు జాయిద్. అది నాదే, పాత కేక. టీవీలోంచి వచ్చింది."

"అదేనా." జాయిద్ గోడకి ఆనుకున్నాడు. "మావాళ్ళూ అదే అన్నారులే. ఈ రోజే కదా వేస్తామన్నది, అదే అయ్యుంటుంది, కూర్చో, చారు తాగమన్నారు. చర్చ పెట్టుకున్నారు. ఒక్కడూ లేవలా."

"మరి నువ్వెందుకొచ్చావు, ఈ కాలేసుకుని?"

"నేనూ అదే అనుకున్నా బావా. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చా. కాకపోతే ఏంటా అని."

"తిన్నావా?"

"ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకున్నా."

మీమూన్ అతన్ని కూర్చోబెట్టి తన గిన్నె చేతికిచ్చాడు. ఒక పక్క గుండె ఉప్పొంగిపోతోంది, తన గొంతుకి పొద్దంతా పస్తున్న ఒంటికాలి మనిషి కొండ దిగి వచ్చాడని. ఇంకో పక్క సిగ్గుతో చచ్చిపోతున్నాడు. తమ్దా వాళ్ళు చర్చ పెట్టుకున్నారు. ఏది జరక్కూడదని ఆ రోజు ప్రాణం మీదికి తెచ్చుకుని అరలోకి జారాడో, అదే జరిగింది. నిజం కేకే, ఒట్టి కేక అయి కూర్చుంది. బిహి వెయ్యలేదు, ఎవరూ వెయ్యలేదు, తనే గడ్డం కత్తిరించుకుని దాన్ని పెట్టెలో పెట్టించాడు. ఇక ఆ పెట్టె ఎప్పుడు తోస్తే అప్పుడు అరుస్తుంది.

మర్నాటి నుంచి మీమూన్ ఎనిమిది ఊళ్ళూ తిరిగాడు. ఈ సంగతి బండెక్కి చెబితే సరిపోయేది కదా అని తూద అంది. ఇది కేక వేసి చెప్పే సంగతి కాదన్నాడాయన. ఉపవాసం నోటితో, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, ఇంట్లో మాట్లాడే ఆ చిన్న గొంతుతోనే చెప్పాడు. అంత పెద్ద కేక వేసే మనిషి ఇంత మెల్లగా మాట్లాడతాడా అని అఫ్రాలో కోడళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. తమ్దాలో మాత్రం ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు.

"మీరు చర్చ పెట్టుకోవడం తప్పు కాదు, పెట్టించింది నేను," అన్నాడు వాళ్ళతో. "ఇకమీదట కొండ కేక వేస్తే ముందు జాయిద్ పేరు పిలుస్తాను. టీవీకి జాయిద్ తెలీడు. జాయిద్ పేరు లేకపోతే అది పెట్టె అరుపు, చారు తాగండి. ఉంటే మటుకు ఇంకేం ఆలోచించొద్దు."

తమ్దా పెద్దలు ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది జాయిద్ ఒక్కడే.

"బావుంది బావా నీ న్యాయం. ఇన్నేళ్ళూ ఎవడు పడ్డా నాకు సెలవు. ఇప్పుడు ఎవడు ఎక్కడ జారినా ముందు నా పేరే. ఇంట్లో ఎలా పడుకోను?"

"రావద్దులే. పేరొక్కటే వాడుకుంటా."

"పేరు వెళ్ళాక నేను వెనక ఉంటానా," అని జాయిద్ గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

ఆ చలికాలం, మొదటి మంచు పడిన వారానికి, అక్రోట్ల వ్యాపారి ఒకడు కంచరగాడిదతో సహా కనుమ కింద కూరుకుపోయాడు. మీమూన్ బండెక్కి చెవులు మూసుకున్నాడు.

"తమ్దా జాయిద్... కర్ర జాయిద్... కొండ మనిషిని పట్టుకుంది... తాళ్ళతో రా..."

అందరికంటే ముందు చేరుకున్నది తమ్దా వాళ్ళు. పదిహేడు ఇళ్ళ నుంచి ఇరవై ముగ్గురు వచ్చారు, ఇద్దరు ముసలివాళ్ళనైతే వెనక్కి పంపేయాల్సి వచ్చింది. వ్యాపారి బతికాడు, కంచరగాడిదా బతికింది, అక్రోట్లు మాత్రం వచ్చినవాళ్ళ జేబుల్లోకి పోయాయి. అంతా దిగి వస్తుండగా జాయిద్ సగం దారిలో ఎదురయ్యాడు, గాడిద తాడు భుజాన వేసుకుని, మోకాలి లోతు మంచులో కర్ర గుచ్చుకుంటూ. పిలిచింది నన్ను, నేను వచ్చేదాకా ఒక్కడూ ఆగలేదని అందరినీ వరసపెట్టి తిట్టాడు. తమ్దా కుర్రవాళ్ళు ఇద్దరు అతని చంకల కింద చేతులు వేసి ఇంటిదాకా నడిపించుకెళ్ళారు.